టెక్ సందేహాలు: ఎలక్ట్రిక్ బైక్ బ్యాటరీ ఎక్కువ కాలం మన్నాలంటే

ప్రశ్న: రోజూ సాయంత్రం ఇంటికి రాగానే బైక్‌కు ఛార్జింగ్ పెట్టి, పొద్దున తీస్తున్నాను. బ్యాటరీ పూర్తిగా అయిపోయాకే పెట్టాలని ఒకరు, ఎప్పుడూ నిండుగా ఉంచాలని మరొకరు చెబుతున్నారు. ఏది సరైనది?

జవాబు: రెండూ ఒకప్పుడు మంచి సలహాలే, కానీ వేరే బ్యాటరీలకు. పూర్తిగా ఖాళీ చేయాలన్న మాట నికెల్ కాడ్మియం బ్యాటరీల కాలం నుంచి వస్తోంది. నిండుగా ఉంచాలన్నది లెడ్ యాసిడ్ బ్యాటరీకి ఇప్పటికీ వర్తిస్తుంది. ఛార్జ్ తగ్గిన స్థితిలో దాన్ని వదిలేస్తే లోపలి పలకల మీద లెడ్ సల్ఫేట్ గట్టిపడి, మళ్లీ కరగదు. మీ బైక్‌లో ఉన్నది లిథియం అయాన్ అయితే ఈ రెండు అలవాట్లూ దాని ఆయుష్షును తగ్గిస్తాయి.

లిథియం బ్యాటరీ వాడకపోయినా అరుగుతుంది. చాలామంది గమనించనిది ఇదే. బ్యాటరీ అంటే కొన్ని సెల్స్ కలిపిన ప్యాక్. ఒక్కో సెల్‌లో గ్రాఫైట్ ఎలక్ట్రోడ్ మీద ఒక పలుచని పొర ఏర్పడుతుంది. అది లేకపోతే సెల్ పనిచేయదు. అయితే ఆ పొర మెల్లగా మందమవుతూ లిథియాన్ని తనలో బంధించేస్తుంది. అలా చిక్కుకున్న లిథియం ఇక ఛార్జ్‌ను మోయలేదు, మైలేజీ ఆ మేరకు తగ్గుతుంది. సెల్ నిండుగా, వేడిగా ఉన్నప్పుడు ఈ పని వేగంగా జరుగుతుంది. ఎండలో తిరిగొచ్చిన బైక్‌కు వెంటనే ఛార్జింగ్ పెట్టి, నిండాక తెల్లవారేదాకా అలాగే ఉంచితే ఆ రెండూ ఒకేసారి జరిగినట్టే. నా మటుకు ఎన్నిసార్లు ఛార్జ్ చేశారన్న లెక్క కంటే ఎన్ని గంటలు నిండుగా, వేడిగా ఉంచారన్నదే ముఖ్యం.

కాబట్టి బండి చల్లబడ్డాక ఛార్జింగ్ పెట్టండి. బయలుదేరే వేళకు కాస్త ముందు పూర్తయ్యేలా టైమర్ పెట్టుకుంటే ఇంకా మంచిది. కొంచెం కొంచెంగా ఛార్జ్ చేయడానికి సంకోచించకండి. 50 శాతం చొప్పున రెండుసార్లు ఎక్కిస్తే అది ఒక ఛార్జింగ్ సైకిల్ (మొత్తం 100 శాతం ఛార్జ్ వాడకం) కిందికే వస్తుంది, పైగా అడుగంటా వాడి నింపడం కంటే సెల్స్ మీద ఒత్తిడి తక్కువ.

ఇక్కడ మీ బ్యాటరీ రకం తెలుసుకోవడం అవసరం. లిథియంలో ప్రధానంగా రెండు రకాలు కనిపిస్తాయి. నికెల్, మాంగనీస్, కోబాల్ట్ కలిసిన ఎన్‌ఎంసీ తేలికగా ఉంటుంది. మామూలుగా 500 నుంచి 1000 పూర్తి సైకిల్స్ తర్వాత దాని సామర్థ్యం 80 శాతానికి దిగుతుంది. ఐరన్ ఫాస్ఫేట్‌తో చేసిన ఎల్‌ఎఫ్‌పీ బరువెక్కువ, కానీ 2000 సైకిల్స్ దాటి మన్నగలదు, వేడికీ మెరుగ్గా తట్టుకుంటుంది. ఎన్‌ఎంసీ అయితే రోజువారీ తిరుగుడుకు 80 శాతం చాలు, దూర ప్రయాణం ఉన్న రోజునే పూర్తిగా నింపండి. ఎల్‌ఎఫ్‌పీని మాత్రం అప్పుడప్పుడు 100 శాతం దాకా ఎక్కించాలి. దాని వోల్టేజీ చాలా భాగం ఒకేలా ఉండటంతో, ఎంత ఛార్జ్ మిగిలిందో బీఎంఎస్‌కు (బ్యాటరీని కనిపెట్టుకుని, కాపాడే ఎలక్ట్రానిక్ సర్క్యూట్‌కు) సరిగ్గా అంచనా దొరకదు. పూర్తిగా నిండినప్పుడే ఆ లెక్క సరిచేసుకుంటుంది. 30 శాతం చూపిస్తూనే బండి ఆగిపోయిందని వచ్చే ఫిర్యాదుల్లో కొన్నింటికి కారణం ఇదే.

ప్రశ్న: రెండు నెలలు బైక్ వాడే పని లేదు. బ్యాటరీని ఎలా ఉంచాలి?

జవాబు: సగం ఛార్జ్‌తో, చల్లటి పొడి చోట. బీఎంఎస్ కొద్దికొద్దిగా కరెంటు తీసుకుంటూనే ఉంటుంది కాబట్టి నెలకోసారి చూసి, తగ్గితే మళ్లీ సగానికి తెండి. ఖాళీగా మాత్రం వదలొద్దు. వోల్టేజీ మరీ పడిపోతే సెల్‌లోని రాగి రేకు కరగడం మొదలవుతుంది, అలాంటి సెల్‌ను మళ్లీ ఛార్జ్ చేయడం ప్రమాదం. చలి ప్రాంతమైతే ఇంకో మాట: సున్నా డిగ్రీల కంటే తక్కువలో నిల్వ ఉంచినా పర్వాలేదు, ఛార్జ్ మాత్రం చేయకండి.

ప్రశ్న: నా ఛార్జర్ పాడైంది. మిత్రుడి బైక్‌దీ 48 వోల్టుల బ్యాటరీయే. అతని ఛార్జర్ వాడవచ్చా?

జవాబు: పిన్ సరిపోయినా సరే, ఆ 48ని నమ్మి వాడకండి. ఎన్‌ఎంసీలో 48 వోల్టుల ప్యాక్ అంటే సాధారణంగా వరుసగా 13 సెల్స్. ఒక్కో సెల్ 4.2 వోల్టుల దగ్గర నిండుతుంది, అంటే మొత్తం 54.6. ఎల్‌ఎఫ్‌పీలో 16 సెల్స్ వాడితే సెల్‌కు 3.65 చొప్పున 58.4. ఈ రెండో ఛార్జర్‌ను మొదటి ప్యాక్‌కు తగిలిస్తే ఒక్కో సెల్ మీద దాదాపు 4.5 వోల్టులు పడతాయి. బీఎంఎస్ ఆపాలి, నిజమే. అది విఫలమైతే మాత్రం మంటలు రావచ్చు, ఆ బ్యాటరీ ఉన్నది మీ ఇంట్లో. దయచేసి ఈ ప్రయోగం చేయకండి.

పాత ఛార్జర్ వెనుక 'అవుట్‌పుట్' అని ఉన్నచోట వోల్టుల అంకెను దశాంశంతో సహా రాసుకుని, తయారీదారు సూచించిన ఛార్జరే కొనండి. ఆంపియర్లు కాస్త తక్కువైతే నష్టం లేదు, ఛార్జింగ్‌కు ఇంకొంత సమయం పడుతుంది, అంతే.