వందల రెజ్యూమేల మధ్య మీది కనబడాలంటే
(ఉద్యోగ సలహాల శీర్షిక: పాఠకుల ప్రశ్నలు, జవాబులు)

ప్రశ్న: నేను 2024లో కంప్యూటర్ సైన్స్‌లో బీటెక్ పూర్తిచేశాను. మా కాలేజీకి క్యాంపస్ సెలెక్షన్స్ కోసం వచ్చిన కంపెనీలే తక్కువ. అమీర్‌పేటలో హాస్టల్లో ఉంటూ జావా ఫుల్ స్టాక్ కోర్సు చేశాను. నౌకరీ, లింక్డ్‌ఇన్ అనే ఉద్యోగాల పోర్టళ్లలో రోజూ దరఖాస్తులు పెడుతున్నా ఒక్క ఇంటర్వ్యూకు కూడా పిలుపు రావడం లేదు. మా మేనమామ గారి ఎరువుల దుకాణంలో అరువు ఖాతాల లెక్క చూసుకోవడానికి ఒక చిన్న ప్రోగ్రాం రాసిచ్చాను తప్ప నాకు వేరే అనుభవం ఏదీ లేదు. రెజ్యూమే జతచేశాను. దయచేసి చూసి సలహా ఇవ్వగలరు.
– ఒక పాఠకుడు, నరసరావుపేట

జవాబు: మీ రెజ్యూమే రెండు పేజీలూ చదివాను. మొదటి పేజీలో మూడో వంతు మీ జీవితాశయానికే సరిపోయింది. దాని కింద సి నుంచి క్లౌడ్ దాకా మీరు పేరు విన్న సాంకేతికతలన్నీ వరుసగా ఉన్నాయి. ఆ తరువాత విద్యార్థుల హాజరు నమోదు చేసే ప్రాజెక్టు ఉంది. అది మీ బ్యాచ్‌లో ఇంకెందరి రెజ్యూమేల్లో ఉందో నాకంటే మీకే బాగా తెలిసి ఉంటుంది. మీ ఉత్తరంలో నన్ను ఆకట్టుకున్న ఒకే ఒక్క విషయం, అంటే మేనమామ గారి దుకాణానికి రాసిచ్చిన ప్రోగ్రాం, రెజ్యూమేలో ఎక్కడా లేదు. మీరు అనుభవం కాదని తీసిపారేసిన ఆ పనే మీ దగ్గరున్న అసలైన అనుభవం.

కంపెనీలో మీ రెజ్యూమేను మొదట చూసే హెచ్ఆర్ ఉద్యోగి ముందు ఒకే ఉద్యోగానికి వచ్చిన దరఖాస్తులు వందల్లో ఉంటాయి. ఆయన నైపుణ్యం, పాసైన సంవత్సరం, ఊరు, ఈమధ్య పోర్టల్‌లోకి వచ్చారా లేదా అన్న వడపోతలు పెట్టుకుని, మిగిలిన వాటి మీద ఒకసారి కళ్లు తిప్పుతాడు. కాబట్టి కంటికి ఇంపుగా ఉంటుందని రెండు నిలువు వరుసల్లో, రంగురంగుల గడుల్లో రెజ్యూమే తయారుచేయకండి; ఆ గడుల్లోని అక్షరాలను దరఖాస్తులు వడకట్టే సాఫ్ట్‌వేర్ కొన్నిసార్లు సరిగా చదవలేదు. ఒకే పేజీ, ఒకే వరుస, మామూలు అక్షరాలు చాలు. ఫోటో, తండ్రి పేరు, 'పై వివరాలన్నీ సత్యమని ధ్రువీకరిస్తున్నాను' అనే వాక్యం, ఇవేవీ అక్కర్లేదు.

ఆ పేజీలో పైభాగాన దుకాణం పని రావాలి. 'బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ తయారుచేశాను' అని ఊరుకుంటే అది కూడా హాజరు ప్రాజెక్టులాగే కనబడుతుంది. ఎవరి కోసం చేశారు, అంతకుముందు ఆ పని ఎలా జరిగేది, మీరు దేనితో చేశారు, ఇప్పుడు ఎవరు వాడుతున్నారు అన్న నాలుగు సంగతులూ అందులో ఉండాలి. 'పుస్తకంలో రాసుకునే రైతుల అరువు ఖాతాలను జావా, మైఎస్‌క్యూఎల్‌తో కంప్యూటర్‌లోకి మార్చాను. రైతు పేరు కొట్టగానే అసలు, వడ్డీ, కట్టిన సొమ్ము విడివిడిగా కనబడతాయి. దుకాణంలో గుమాస్తా రోజూ దీన్నే వాడుతున్నారు' అన్న అర్థం వచ్చేలా ఇంగ్లీషులో రెండు మూడు వాక్యాలు రాయండి. గుమాస్తా నిజంగా రోజూ వాడుతుంటేనే ఆ మాట రాయండి. వాడకపోతే, ఎందుకు వాడడం లేదో ఆయన్నే అడిగి ముందు ఆ లోపం సరిచేయండి. కోడును గిట్‌హబ్‌లో (ప్రోగ్రాంలను ఇతరులు చూసేలా ఉంచే వెబ్‌సైట్) పెట్టండి గానీ, రైతుల పేర్లు, బాకీల వివరాలు, ఫోన్ నంబర్లు తీసేసి కల్పిత వివరాలు నింపిన తరువాతే పెట్టండి. కస్టమర్ల సమాచారం విషయంలో మీరు చూపిన ఆ జాగ్రత్తను ఇంటర్వ్యూలో కూడా చెప్పుకోవచ్చు.

ఇంటర్వ్యూ దాకా వెళ్లారంటే ప్రశ్నలు అక్కడి నుంచే మొదలవుతాయి. ఒక రైతు పంట అమ్మాక సగం బాకీ కట్టి, అదే రోజు మరో రెండు బస్తాల యూరియా అరువుకు తీసుకుంటే, మీ ప్రోగ్రాం ఆ సొమ్మును ముందు వడ్డీకి జమ వేస్తుందా, అసలుకు వేస్తుందా? పొరపాటున ఒకే రసీదు రెండుసార్లు ఎక్కితే ఏమవుతుంది? మధ్యలో కరెంటు పోతే? వీటికి మీరు మీ మాటల్లో, తడుముకోకుండా సమాధానం చెప్పగలరు, ఎందుకంటే ఆ గొడవలన్నీ మీ మేనమామ గారితో పడే ఉంటారు. కొనుక్కున్న ప్రాజెక్టు పెట్టుకున్న అభ్యర్థి తడబడేది సరిగ్గా ఇక్కడే.

రోజూ కనబడిన ప్రతి ఉద్యోగానికీ దరఖాస్తు పెట్టడం ఆపి, వారానికి కొన్నిటినే ఎంచుకుని, ప్రకటనలో అడిగిన నైపుణ్యాల్లో మీకు నిజంగా వచ్చినవి రెజ్యూమేలో అవే మాటలతో ఉన్నాయో లేదో చూసుకుని పంపండి. మీ కాలేజీ సీనియర్లలో ఎవరెవరు ఏయే కంపెనీల్లో ఉన్నారో లింక్డ్‌ఇన్‌లో వెతకండి. చాలా కంపెనీల్లో, తెలిసినవారి పేరును సిఫారసు (రెఫర్) చేసిన ఉద్యోగికి, అభ్యర్థి చేరిన తరువాత బోనస్ ఇస్తారు కాబట్టి, రెఫరల్ అడగడం చేయి చాచడమేమీ కాదు. కాకపోతే 'అన్నా, ఏదైనా జాబ్ ఉంటే చూడవా' అని పంపితే ఆయన చేయగలిగింది ఏమీ ఉండదు. మీరు ఫలానా కాలేజీ, ఫలానా బ్యాచ్ అని చెప్పి, వారి కంపెనీ ప్రకటించిన ఉద్యోగం నంబరు, దానికి మీరు ఎందుకు సరిపోతారో ఒక్క వాక్యం, రెజ్యూమే జతచేసి పంపండి. ఆయన దాన్ని ఉన్నదున్నట్టుగా ముందుకు పంపగలగాలి.

రోజులు బాగాలేవన్నదీ నిజమే. 2025 జూలైలో టీసీఎస్ తన సిబ్బందిలో సుమారు 2 శాతాన్ని, అంటే 12 వేలకు పైగా ఉద్యోగులను తగ్గించుకుంటామని ప్రకటించింది. అనుభవం ఉన్నవారు కూడా పోటీలో ఉన్నప్పుడు ఫ్రెషర్‌కు పిలుపు ఆలస్యం కావడంలో వింత లేదు. పెద్ద కంపెనీలతో పాటు, దుకాణాలకు, ఆసుపత్రులకు, స్కూళ్లకు సాఫ్ట్‌వేర్ చేసిపెట్టే చిన్న సంస్థలు హైదరాబాద్, విజయవాడ, విశాఖల్లో చాలానే ఉన్నాయి. అరువు ఖాతా అంటే ఏమిటో తెలిసిన ప్రోగ్రామర్ విలువ వారికి ఇంకా బాగా తెలుస్తుంది.

ప్రశ్న: మూడేళ్ల అనుభవం ఉన్నట్టు పత్రాలు, జీతం స్లిప్పులు ఇచ్చి, ఉద్యోగం కూడా ఇప్పిస్తామని ఒక కన్సల్టెన్సీ వారు డబ్బు అడుగుతున్నారు. మా రూమ్‌మేట్స్‌లో కొందరు ఇలాగే చేరారు. పోటీలో నిలబడాలంటే ఇదొక్కటే దారి అంటున్నారు. కట్టమంటారా?
– పేరు వద్దన్న పాఠకుడు, హైదరాబాద్

జవాబు: కట్టవద్దు. నీతి సంగతి అలా ఉంచి, లాభనష్టాలే చూసుకున్నా ఇది నష్టపు బేరం. ఉద్యోగంలో చేరేముందో, చేరాకనో కంపెనీ మీ పాత ఉద్యోగాల వివరాలను మరో సంస్థ చేత తనిఖీ చేయిస్తుంది. 2014 నుంచి ప్రావిడెంట్ ఫండ్ ఖాతాలకు, ఉద్యోగం మారినా మారని యూఏఎన్ నంబరు ఉంది. ఏ సంస్థ ఏ నెలలో మీ పేరున సొమ్ము జమచేసిందో పాస్‌బుక్‌లో కనబడుతుంది. మూడేళ్లు పనిచేశానన్న మనిషికి ఆ జమలూ, బ్యాంకు ఖాతాలో జీతాలూ ఎందుకు లేవన్న ప్రశ్నకు కన్సల్టెన్సీ వారు వచ్చి సమాధానం చెప్పరు. బోగస్ కంపెనీల అనుభవ పత్రాలతో చేరినవారిని తొలగించినట్టు 2022 నవంబరులో యాక్సెంచర్ భారతదేశంలోని తన ఉద్యోగుల గురించి బహిరంగంగానే ప్రకటించింది. మీ రూమ్‌మేట్స్ ఇంకా దొరకలేదంటే తనిఖీ ఇంకా వారి దాకా రాలేదని కూడా అర్థం కావచ్చు. దొరికిన రోజున ఆ ఉద్యోగంతో పాటు, ఆ తరువాత నిజాయితీగా చేసిన పనికి అనుభవ పత్రం కూడా దక్కకుండా పోతుంది.

ఇక బ్యాక్‌డోర్ ఉద్యోగమని డబ్బు అడిగేవారి మాట సరేసరి. పేరున్న ఏ కంపెనీ కూడా అభ్యర్థి దగ్గర డబ్బు తీసుకుని ఉద్యోగం ఇవ్వదు. ఇప్పటికే అడ్వాన్స్ ఇచ్చి ఉంటే, చెల్లించిన ఆధారాలు, వాట్సాప్ సంభాషణ చెరిపేయకుండా పోలీసులకు ఫిర్యాదు చేయండి.

ప్రశ్న: బీకాం చదివాను. పెళ్లికి ముందు ఒక హోల్‌సేల్ దుకాణంలో ట్యాలీ సాఫ్ట్‌వేర్‌లో లెక్కలు చూసేదాన్ని. పాప పుట్టాక నాలుగేళ్లు ఇంట్లోనే ఉన్నాను. ఇప్పుడు ఉద్యోగానికి వెళ్తే కొత్తగా పాసైన పిల్లలతో పోటీ పడగలనా? ఆ ఖాళీ గురించి ఏం చెప్పాలి?
– ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: ఖాళీ గురించి రెజ్యూమేలో 'పాప పెంపకం కోసం విరామం' అని సంవత్సరాలతో సహా ఒక్క వాక్యం రాసి వదిలేయండి అమ్మా. ఇంటర్వ్యూలో సంజాయిషీ ఇచ్చుకుంటున్నట్టు మాట్లాడితే అవతలివారు కూడా దాన్ని లోపంగానే చూస్తారు.

మీ బలం ట్యాలీ ఒక్కటే కాదు, వ్యాపారం నడిచే తీరు చూసి ఉండడం. దానికి జీఎస్టీ పని జోడించుకోండి. అమ్మకాల వివరాలు ఇచ్చే జీఎస్టీఆర్-1 రిటర్నును నెలనెలా దాఖలు చేసేవారు మరుసటి నెల 11లోగా, పన్ను కట్టే 3బీని 20లోగా పంపాలి. మధ్యలో, సరఫరాదారులు చూపించిన బిల్లులతో 14న జీఎస్టీ పోర్టల్‌లో వచ్చే 2బీ పట్టికను కొనుగోళ్ల ఖాతాతో సరిచూసి, సరఫరాదారు చూపించని బిల్లులను పట్టుకోవడం ఆఫీసుల్లో అందరినీ విసిగించే పని. కొత్తగా పాసైనవారిలో ఈ పని తెలిసినవారు తక్కువే. తెలిసిన వ్యాపారి ఎవరైనా ఒప్పుకుంటే వారి ఒక నెల బిల్లులు తీసుకుని ఎక్సెల్‌లో సరిచూసి, తేడాల పట్టిక తయారుచేయండి. పేర్లు తీసేసి ఆ పట్టికను మీతో తీసుకెళ్లండి.

చిన్న చార్టర్డ్ అకౌంటెంట్ల ఆఫీసులు చాలావరకు పోర్టల్‌లో ప్రకటనలు ఇవ్వవు. తెలిసినవారి ద్వారా, నేరుగా వచ్చినవారిలోంచి తీసుకుంటాయి. మీరే వెళ్లి కలవండి. అయితే 11కు గానీ 20కి గానీ ముందు రెండు మూడు రోజుల్లో మాత్రం వెళ్లకండి. ఆ రోజుల్లో అక్కడ ఎవరికీ తలెత్తే తీరిక ఉండదు. 22, 23 తేదీల్లో ఉదయం పూట వెళ్తే కూర్చోబెట్టి మాట్లాడతారు.