శొంఠి ఇంటిపేరు ఉన్నంత మాత్రాన త్యాగరాజస్వామి గురువుగారి వంశమేనా?

మీ ఇంటిపేరు శొంఠి. త్యాగరాజస్వామికి సంగీతం చెప్పిన శొంఠి వేంకటరమణయ్యగారిది మీ వంశమేనని మీ తాతగారు అనేవారు. అది ఎంతవరకు నిజమో తేల్చుకోవడం ఎలా అని అడిగారు. మా అమ్మ పుట్టింట్లోనూ ఇలాంటి మాటే ఒకటి ఉండేది, పూర్వీకుల్లో ఒకాయన తంజావూరు ఆస్థాన విద్వాంసుడని. దాని వెంట నేను చాలాకాలమే తిరిగాను. అందుకే రాస్తున్నాను.

వేంకటరమణయ్యగారి దగ్గర మొదలుపెట్టి కిందికి రావద్దు. మీ నాన్నగారి దగ్గర మొదలుపెట్టి ఒక్కొక్క తరమే పైకి వెళ్ళండి. వేంకటరమణయ్యగారి తండ్రి శొంఠి వేంకటసుబ్బయ్యగారు తంజావూరు ఏలిన రెండో తుళజా మహారాజు (1763–87) కాలపు విద్వాంసులు, వేంకటరమణయ్యగారు శరభోజి (1798–1832) కాలం దాకా ఉన్నారు. అంటే మీకూ వారికీ మధ్య ఏడెనిమిది తరాలు. తద్దినంలో మూడు తరాల పేర్లు ఎలాగూ చెబుతారు. మిగతావే వెతుక్కోవాలి.

అన్నిటికంటే ముందు గోత్రం చూడండి. ఇంటిపేరు ఒకటే అయి గోత్రాలు వేరైన కుటుంబాలు మనలో బోలెడు. గోత్రం కలవకపోతే తండ్రి వైపు చుట్టరికం దాదాపు లేనట్టే. మధ్యలో ఎవరైనా దత్తతకు వెళ్ళారేమో మాత్రం పెద్దవాళ్ళను గుచ్చి గుచ్చి అడగండి, దత్తత పోతే ఇంటిపేరూ గోత్రమూ రెండూ మారిపోతాయి. శాఖ కూడా కనుక్కోండి. ములకనాడు, వేలనాడు, నియోగులు అంటూ ఎవరికి వారే సంబంధాలు కలుపుకున్న రోజులవి.

తర్వాత ఇంట్లో కాగితాలు. మా మేనమామగారింట్లో పాత పంచాంగాల కట్ట మధ్య ఆబ్దికాల తిథులు రాసుకున్న పొడుగు పుస్తకం దొరికింది. నల్లసిరాతో గొలుసుకట్టు రాత. అందులో ఒక పేరు ఎదురుగా ‘తంజావూరు తాతగారు, శోభకృతు మార్గశిర బహుళ అష్టమి’ అని ఉంది. సంవత్సరం అంకెల్లో లేదు. శోభకృతు అంటే 1843–44 కావచ్చు, 1903–04 కూడా కావచ్చు. అరవై ఏళ్ళ తేడా అంటే రెండు తరాలు! తెలుగు సంవత్సరం పేరు ఒక్కటే దొరికినప్పుడు తొందరపడి లెక్క కట్టకండి, ఇంకో ఆధారం దొరికేదాకా ఆగండి.

నాకు ఆ ఆధారం ఇనాం ఫేర్ రిజిస్టర్‌లో దొరికింది. 1858లో మద్రాసు ప్రెసిడెన్సీలో ఇనాం కమిషన్ వేసి, 1860ల్లో ఊరూరా ఇనాం భూములు, అంటే దానంగా ఇచ్చిన మాన్యాలు, విచారించి ఈ రిజిస్టర్లు రాశారు. మాన్యం మొదట ఎవరికిచ్చారు, ఎవరిచ్చారు, ఇప్పుడు ఎవరి అనుభవంలో ఉంది, అతని వయసెంత, మొదటివాడికి ఏమవుతాడు అన్నీ అందులో ఉంటాయి. వంశవృక్షం వెతికేవాళ్ళకు ఇంతకు మించిన కాగితం లేదని నా నమ్మకం. కలెక్టరేట్ రికార్డు రూముల్లోనూ, స్టేట్ ఆర్కైవ్స్‌లోనూ అడగండి. తంజావూరు వైపు ఊళ్ళవైతే చెన్నై ఎగ్మూరు ఆర్కైవ్స్. చేతిరాత ఇంగ్లీషు, ఇంటిపేర్ల స్పెల్లింగు ఇష్టమొచ్చినట్టు ఉంటుంది, కాబట్టి ఊరి పేరు పట్టుకుని వెతకండి. మీది తెలంగాణ అయితే ఇది పనికిరాదు, నిజాం కాలపు ముంతఖబ్‌లు, అంటే ఇనాం హక్కు పత్రాలు, చూడాలి.

ఆ రిజిస్టర్‌లో మా తంజావూరు తాతగారు ఉన్నారు. బ్రాహ్మణులకిచ్చే భట్టవృత్తి మాన్యం, వయసు 28. అంటే 1843లో పోయిన మనిషి కాదు. తంజావూరు రాజ్యం కుంఫిణీ చేతికి పోయిన 1855 నాటికి ఇంకా కుర్రవాడు, ఆస్థాన విద్వాంసుడు అయ్యే అవకాశమే లేదు. ఆ ఆబ్దికాల పుస్తకం మొదటి పేజీ మళ్ళీ తీసి చూస్తే గురువందనం కింద తంజావూరు విద్వాంసుడొకరి పేరు రాసి ఉంది. మా తాతగారు తంజావూరు వెళ్ళి గురువుగారింట్లో ఉండి సంగీతం నేర్చుకుని వచ్చిన శిష్యుడన్నమాట. నాకైతే చాలా సంతోషం కలిగింది.

మీ ఇంట్లోనూ ఈ కోణం తప్పకుండా చూడండి. త్యాగరాజస్వామి సంగీతం మన ఆంధ్రదేశానికి చాలావరకు శిష్యుల ద్వారానే వచ్చింది. ఆయన శిష్యులు మానంబుచావడి వేంకటసుబ్బయ్యగారి దగ్గర సుసర్ల దక్షిణామూర్తి శాస్త్రిగారు, వారి దగ్గర పారుపల్లి రామకృష్ణయ్య పంతులుగారు, వారి దగ్గర మంగళంపల్లి బాలమురళీకృష్ణగారు. ఇందులో ఎవరూ ఎవరి కొడుకూ కాదు. స్వామికే నేరుగా వంశం నిలవలేదు, కూతురు సీతామహాలక్ష్మి కొడుకు పిల్లలు లేకుండానే పోయాడు.

తంజావూరు వెళ్ళి వెతికితే ఇంటిపేరు మీద ఆశ పెట్టుకోకండి. అక్కడి తెలుగువాళ్ళలో చాలామంది ఎప్పుడో ఇంటిపేరు వదిలేసి ఊరిపేరు, తండ్రిపేరు పొడి అక్షరాలుగా పెట్టుకున్నారు. ఇందాక చెప్పిన వేంకటసుబ్బయ్యగారి ఇంటిపేరు ఆకుమడుగుల, లోకానికి తెలిసింది మానంబుచావడి. అక్కడి సరస్వతీ మహల్ గ్రంథాలయంలో మరాఠా దర్బారు కాగితాలు మోడీ లిపిలో, అంటే మరాఠీ పాత గొలుసుకట్టు రాతలో, ఉన్నాయి, చదివేవాళ్ళను తోడు తీసుకెళ్ళాలి. అంతకంటే ముందు సుబ్బరామ దీక్షితులుగారి 1904 నాటి సంగీత సంప్రదాయ ప్రదర్శినిలో ‘వాగ్గేయకార చరిత్రము’ చదవండి, తెలుగులోనే ఉంది.

డీఎన్‌ఏ పరీక్షకు డబ్బు పెట్టకండి. పోల్చి చూడడానికి అటువైపు రుజువైన వారసుడు ఉంటేనే అది ఉపయోగం.

మీ గోత్రం, మీ తాతముత్తాతల సొంత ఊరు, పాత తాలూకా రాస్తే, ఆ ఊరి ఇనాం రిజిస్టర్ కోసం ఎక్కడ అడగాలో నాకు తెలిసినంతవరకు చెబుతాను.