"అందరికంటే బాగా గీసేదాన్ని, ఇక్కడికొచ్చాక చెయ్యి ఆడట్లేదు"

ప్రశ్న: మేడమ్, పెయింటింగ్‌లో పీజీ చెయ్యడానికి విదేశం వచ్చి 11 రోజులైంది. స్కూల్ నుంచి డిగ్రీ దాకా మా క్లాసులో ముఖచిత్రం అంటే నా పేరే చెప్పేవారు. ఫొటో చూసి, కొలత కోసం గళ్ళు (గ్రిడ్) వేసుకుని పెన్సిల్‌తో గీస్తాను. ఒక్కో ముఖానికి 40 గంటలు పడుతుంది.

ఇక్కడ మొదటి వారంలోనే క్రిట్ పెట్టారు. అందరి బొమ్మలూ గోడకి తగిలించి ఒక్కొక్కదాని గురించి మాట్లాడుకోవడం. నేను ఒక ముసలాయన ముఖం పెట్టాను. చాలాసేపు ఎవ్వరూ నోరు విప్పలేదు. చివరికి ట్యూటర్ "ఈయన్ని నువ్వు చూశావా?" అన్నారు. ఫొటో ఇంటర్నెట్‌లో దొరికిందని చెప్పాను. "మరి ఇందులో నువ్వెక్కడున్నావు?" అన్నారు. నాకు మాట రాలేదు. పక్కనమ్మాయి గీసినవి నాలుగు వంకర గీతలు. వాటి గురించి 20 నిమిషాలు మాట్లాడారు. సగం మాటలు నాకు అర్థం కూడా కాలేదు.

మర్నాడు లైఫ్ డ్రాయింగ్. బట్టల్లేకుండా మనిషి ఎదురుగా నిలబడితే తల ఎత్తలేకపోయాను. 30 సెకన్లకో భంగిమ మార్చేస్తుంటే ఒక కన్ను కూడా పూర్తవలేదు. స్టూడియోలో నాకిచ్చిన మూల ఇంకా ఖాళీగానే ఉంది. అమ్మ ఫోన్ చేస్తే అంతా బాగుందని చెబుతున్నాను. మన దేశం గురించి వేస్తే వీళ్ళకి నచ్చుతుందా? అసలు నేనిక్కడికి రావడమే తప్పా? ఇంకో చిన్న సంగతి, హాస్టల్ గదిలో ఆయిల్ పెయింట్స్ వేసుకోవచ్చా?
— పేరు వద్దు

జవాబు: తప్పు చెయ్యలేదు తల్లీ. ముందు ఆ మాట చెప్పేస్తే మిగతాది కుదురుగా చదువుతావు.

ఒక ముఖం ముందు 40 గంటలు కూర్చోగలిగినదానివి నువ్వు. ఆ ఓపిక చాలామందికి ఎంత సాధన చేసినా రాదు. మీ ట్యూటర్ దాన్ని తప్పుపట్టలేదు, దేనికి ఖర్చు పెట్టావని అడిగారు. ఆలోచించి చూడు. ఆ ముసలాయన్ని ఎవరో ఎక్కడో నిలబడి, ఏదో వెలుగులో చూసి, ఇంతవరకు చాలు అని ఫ్రేమ్ కట్టేశారు. ఎంత దగ్గరికి వెళ్ళాలో, ఏది చూపించి ఏది వదిలెయ్యాలో అంతా నువ్వు పెన్సిల్ పట్టుకోకముందే ఎవరో తేల్చేశారు. నీకు మిగిలింది షేడింగ్. అది నువ్వు చాలా బాగా చేసి ఉంటావు, నాకు అనుమానం లేదు. కానీ "నువ్వెక్కడున్నావు" అన్న మాటకి నీ ఊరేది, నీ కథేమిటి అని అర్థం వెతక్కు. ఆయన ముందు నువ్వు ఎక్కడ నిలబడి చూశావని అడుగుతున్నారు. ఆ ప్రశ్నని ఉన్నదున్నట్టుగా తీసుకో.

ఈ సంగతి నాకు తెలియడానికి ఒక టర్మ్ మొత్తం పట్టింది. ఆ టర్మంతా నీలాగే రాత్రిళ్ళు నిద్ర లేకుండా గడిపాను. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

నా మొదటి లైఫ్ క్లాసులో మోడల్ 70 దాటిన ఆవిడ. గౌను విప్పి కుర్చీ మీద వేసి, అరుగులాంటి చెక్క బల్ల ఎక్కి నిలబడింది. నేను ఈజెల్, అంటే కాగితం నిలబెట్టే స్టాండు, వెనక దాక్కున్నాను. ముఖమైతే చూడొచ్చులే అని ముఖమే గీస్తూ కూర్చున్నాను. టీచర్ వచ్చి నా చేతిలో పెన్సిల్ తీసేసుకుని బొటనవేలంత బొగ్గు ముక్క పెట్టారు. మొనతో గియ్యొద్దు, కాగితం మీద అడ్డంగా పడుకోబెట్టి లాగు అన్నారు. అలా పట్టుకుంటే కనురెప్పలు గియ్యడం కుదరదు. మెడ దగ్గర మొదలుపెట్టి మడమ దాకా ఒక్క ఊపులో వచ్చేదే గీత. బొగ్గు విరిగింది, ఇంకోటి తీసుకున్నాను. ఆ పూట న్యూస్‌ప్రింట్ కాగితాలు 14 అయిపోయాయి, మోచేతి దాకా నలుపు. పదో కాగితం దగ్గరికి వచ్చేసరికి సిగ్గు ఎప్పుడు పోయిందో కూడా తెలియలేదు. ఆవిడ బరువంతా ఎడమకాలి మీద వేసి నిలబడింది. అలా నిలబడితే ఎడమ తుంటి పైకి లేస్తుంది, ఎడమ భుజం మామూలుగా కిందికి దిగుతుంది. ఆవిడ భుజం దిగలేదు. బిగుసుకుని చెవి వైపుకే ఉంది. కంటికి ఎలా కనబడితే అలా గీసేశాను.

క్లాసయ్యాక ఆవిడ గౌను కట్టుకుని ఈజెళ్ళ మధ్య తిరుగుతూ నా దగ్గర ఆగింది. నల్లగా, వంకరగా ఉన్న ఆ బొమ్మలో ఎడమ భుజం మీద వేలు పెట్టి, "ఇది నాకు ఏళ్ళ తరబడి నొప్పి" అంది.

నేను అంతకుముందు గీసిన వందల ముఖాల్లో ఒక్కదాని గురించి కూడా నాకెవరూ అలాంటి మాట చెప్పలేదు.

అందుకని వచ్చేవారం క్లాసుకి పెన్సిల్ తీసుకెళ్ళకు. 30 సెకన్ల భంగిమ కన్ను గియ్యడానికి పెట్టింది కాదు. బరువు ఎక్కడుందో పట్టుకోవడానికి పెట్టింది. మనిషి ఒంటికాలి మీద బరువు వేసినప్పుడు గొంతు కింద గుంట నుంచి నిట్టనిలువుగా దారం వదిలినట్టు ఊహించుకో, అది బరువు మోస్తున్న పాదం దగ్గరికి వస్తుంది. ముందు ఆ గీత వెయ్యి, తర్వాత తుంటి వాలు, భుజాల వాలు. అక్కడితో 30 సెకన్లు అయిపోతాయి, అయిపోనీ. పెద్ద భంగిమ వచ్చినప్పుడు మోచెయ్యి వంచకుండా చెయ్యి చాపి, ఒక కన్ను మూసి, చేతిలో పట్టుకున్న సన్నటి కర్రతో తలని కొలిచి ఒంట్లో ఎన్ని తలలు పడతాయో చూసుకో. నీ గ్రిడ్ అలవాటు అక్కడ ఎంత పనికొస్తుందో నీకే తెలుస్తుంది. ఈజెల్‌ని మోడల్‌కి అడ్డంగా పెట్టుకోకు, కాస్త పక్కకి జరుపు. మెడ తిప్పకుండా కళ్ళు కదిపితే మోడలూ కాగితమూ రెండూ కనబడాలి.

సిగ్గు గురించి ఒక్కమాట. అక్కడ నిలబడ్డ మనిషి ఉద్యోగానికి వచ్చిన మనిషి. ఈ రాత్రి నీ గదిలో ఒక చెయ్యి పైకెత్తి 20 నిమిషాలు కదలకుండా నిలబడి చూడు. మర్నాడు నువ్వు చూసే చూపే వేరుగా ఉంటుంది.

క్రిట్‌లో ఎవరూ మాట్లాడకపోవడం నిన్ను బాగా బాధపెట్టినట్టుంది. పూర్తయిపోయిన బొమ్మ ముందు చూసేవాళ్ళకి అనడానికి ఏమీ దొరకదు, ఆ మౌనం చాలావరకు అదే. పక్కనమ్మాయి గీతల గురించి 20 నిమిషాలు మాట్లాడారంటే అవి గొప్పవని కాదు, ఇంకా ఎటు తీసుకెళ్ళొచ్చో చెప్పడానికి వీలుందని. ఆ అమ్మాయి కూడా ఆ రాత్రి ఏడ్చి ఉండొచ్చు, అడిగి చూడు. ఈసారి నీ వంతు వచ్చినప్పుడు నువ్వు నోట్స్ రాసుకోవద్దు. ఆ అమ్మాయిని రాసిపెట్టమను, తన వంతుకి నువ్వు రాసిపెట్టు. నిలబడి సమాధానాలు చెబుతూ వినడం ఎవరివల్లా కాదు, అందులోనూ యాస పట్టుబడని భాషలో. ముందురోజే మూడు వాక్యాలు రాసుకుని చదివెయ్యి: దేన్ని చూశాను, ఎక్కడ ఆగిపోయాను, మీ నుంచి ఏం తెలుసుకోవాలనుకుంటున్నాను. చదవడం చిన్నతనం కాదు. మాట అర్థం కాకపోతే మళ్ళీ చెప్పమని అడగడమూ కాదు.

ఇక మన దేశం గురించి వేస్తే వాళ్ళకి నచ్చుతుందా అన్నావు. వాళ్ళకి నచ్చాలని మాత్రం వెయ్యొద్దు, ఈ ఒక్క విషయం నేను గట్టిగానే చెబుతాను. చిత్రకారిణి అమృతా షేర్‌గిల్ 1929లో పారిస్‌కి చదువుకోవడానికి వెళ్ళేనాటికి ఆమెకి 16 ఏళ్ళు. 1932లో ఆమె వేసిన 'యంగ్ గర్ల్స్' పెయింటింగ్‌కి మరుసటి ఏడాది పారిస్ సలోన్ అనే పెద్ద చిత్రప్రదర్శనలో బంగారు పతకం వచ్చింది. అందులో ఉన్నది ఎవరు? ఆమె చెల్లెలు ఇందిర, ఒక స్నేహితురాలు. కళ్ళెదుట కూర్చున్న ఇద్దరమ్మాయిలు. 1934లో తిరిగి వచ్చి, అజంతా చూసి, దక్షిణాది తిరిగాక, 1937లో 'బ్రహ్మచారులు' వేసింది. అదీ కళ్ళారా చూశాకే. నీ కళ్ళెదుట ఇప్పుడు ఎవరున్నారు? నోట్స్ రాసిపెట్టే ఆ అమ్మాయిని ఒక గంట కూర్చోమని అడుగు. ఎవరూ దొరక్కపోతే అద్దంలో నువ్వున్నావు. మన దేశం నీలో ఎక్కడికీ పోదు, గుర్తుకొచ్చినప్పుడు అదే వస్తుంది.

మన తెలుగువారు, ప్రింట్ కళాకారుడు కృష్ణారెడ్డిగారి గురించి మీ లైబ్రరీలో తప్పకుండా ఉంటుంది, వెతికి చూడు. శాంతినికేతన్‌లో చదివి, లండన్ స్లేడ్ స్కూల్లో శిల్పం నేర్చుకుని, పారిస్‌లో హేటర్ అనే కళాకారుడు నడిపిన అతెలియే 17 అనే ప్రింట్ స్టూడియోలో, అంటే లోహపు ప్లేటు మీద బొమ్మ చెక్కి కాగితం మీద అచ్చు తీసే చోట, చేరారు. శిల్పి లోహపు ప్లేటు ముందు కూర్చున్నారన్నమాట. ఆయన చేతిలో ఉన్న శిల్పవిద్యని పక్కన పెట్టలేదు. ప్లేటునే శిల్పంలా రకరకాల లోతుల్లో చెక్కారు. నూనె ఎక్కువున్న రంగు, తక్కువున్న రంగు ఒకదాంట్లో ఒకటి కలవవు. గట్టి రోలర్ పైభాగాన్నే తాకుతుంది, మెత్తటి రోలర్ లోతుకి దిగుతుంది. ఈ రెండిటినీ వాడుకుని ఒకే ప్లేటు నుంచి ఒకే అచ్చులో ఎన్నో రంగులు తెచ్చే విస్కాసిటీ పద్ధతిని అభివృద్ధి చేసినవాళ్ళలో ఆయన ఒకరు. ఆ ప్రింట్లు దగ్గర్నుంచి చూసినప్పుడల్లా నాకు ఒళ్ళు పులకరిస్తుంది. నీ 40 గంటల ఓపిక కూడా అలాగే ఎక్కడో ఒకచోట దిగుతుంది. అది ఎచింగ్, అంటే యాసిడ్‌తో లోహపు ప్లేటు మీద గీతలు దించి అచ్చు తీసే పని, కావచ్చు, నాకైతే నీకది బాగా నప్పుతుందనిపిస్తోంది. ప్రింట్ వర్క్‌షాప్‌లో ఇండక్షన్, అంటే మొదటి శిక్షణ, కాకుండా మెషిన్ ముట్టుకోనివ్వరు. మొదటి వారాల్లోనే పేర్లు నిండిపోతాయి కాబట్టి ఈ ఉత్తరం చదవగానే వెళ్ళి పేరు రాయించుకో. అక్కడి టెక్నీషియన్‌తో స్నేహంగా ఉండు. క్లాసులో అడగడానికి మొహమాటపడే ప్రశ్నలన్నీ వాళ్ళని అడగొచ్చు.

హాస్టల్ గదిలో ఆయిల్ పెయింట్స్ వద్దమ్మా. రంగు పలచన చేసే టర్పెంటైన్ ఆవిరి పీలుస్తూ నిద్రపోకూడదు. ఇంకా పెద్ద ప్రమాదం కుంచెలు తుడిచిన గుడ్డలతో. లిన్‌సీడ్ ఆయిల్, అంటే అవిసె నూనె, గాలితో కలిసి ఆరుతున్నప్పుడు వేడి పుడుతుంది. గుడ్డలు ఉండచుట్టి మూల పడేస్తే ఆ వేడి బయటికి పోక, అగ్గిపుల్ల గియ్యకుండానే అంటుకోవచ్చు. స్టూడియోలో మూత ఉన్న ఇనప డబ్బా ఉంటుంది, వాటిని అందులోనే వెయ్యి. టర్పెంటైన్ సింకులో పొయ్యకు. గదిలో వేసుకోవాలనుంటే బొగ్గు, వాటర్ కలర్ చాలు.

అమ్మకి అంతా బాగుందని చెప్పడం మానేసి ఒక ఫొటో పంపు. ఖాళీగా ఉన్న ఆ మూల ఫొటో. "ఇది నా చోటు, ఇంకా ఏమీ పెట్టలేదు" అని చెప్పు. ఆవిడే రేపు ఫోన్ చేసి ఏం పెట్టావని అడుగుతుంది. అప్పటికి లైఫ్ క్లాసు కాగితాలు పెట్టి ఉంచు. బాగున్నవి ఏరొద్దు. మొదటిదాన్నుంచి చివరిదాకా, సగంలో ఆగిపోయినవీ చిరిగినవీ అన్నీ, గీసిన వరసలో పిన్నులు గుచ్చు. తర్వాతి క్రిట్‌కి కూడా అవే తీసుకెళ్ళు. ఆ ముసలాయన బొమ్మని వాటి పక్కనే పెట్టు.