పీరింగ్ అడిగే ముందు

అల్లుడూ,

నీ ఇంటర్నెట్ నెట్‌వర్క్‌తో పీరింగ్ (నేరుగా ట్రాఫిక్ ఇచ్చిపుచ్చుకోవడం) చేసుకోమని పెద్ద కంటెంట్ నెట్‌వర్క్‌లకు మెయిల్ పెట్టి మూడు వారాలైనా జవాబు రాలేదని టెన్షన్ పడుతున్నావట. నీ మెయిల్ కంటే ముందు వాళ్లు చూసేది పీరింగ్‌డీబీలో (నెట్‌వర్క్‌లు తమ వివరాలు పెట్టుకునే వెబ్‌సైట్) నీ పేజీ. నిన్న రాత్రి నేనూ చూశాను. ఎన్‌ఓసీ (నెట్‌వర్క్ చూసుకునే టీమ్) ఫోన్ నంబరు లేదు, ఐపీవీ6 (కొత్త తరం ఐపీ అడ్రసులు) ఖాళీ, ఎక్స్ఛేంజ్ (నెట్‌వర్క్‌లన్నీ వచ్చి కలిసే చోటు) పోర్టు ఐపీ అసలు ఎక్కించనే లేదు. ఆ ఐపీ లేకపోతే సెషన్ (రౌటర్లు ఒకదానికొకటి రూట్లు చెప్పుకునే కనెక్షన్) ఎక్కడ కట్టాలో వాళ్లకెలా తెలుస్తుంది? ముందు అది సరిచెయ్.

అందరి పాలసీ ఒక్కలా ఉండదు. నెట్‌ఫ్లిక్స్, క్లౌడ్‌ఫ్లేర్‌లది ఓపెన్ పాలసీ, పెద్దగా షరతులు లేకుండా కలుస్తారు. కొందరు మాత్రం ట్రాఫిక్ ఎంత, ఎన్ని చోట్ల కలవగలవు అని చూసి ఒప్పుకుంటారు. అలాంటివాళ్లకు "మాకు మంచి ట్రాఫిక్ ఉంది" అని రాస్తే సరిపోదు, అంకె రాయాలి. రాత్రి తొమ్మిది, పదింటి మధ్య నెట్‌ఫ్లోలో (రౌటర్ ఇచ్చే ట్రాఫిక్ లెక్క) గూగుల్ (నెట్‌వర్క్ నంబరు 15169) నుంచి ఎంత, మెటా (32934) నుంచి ఎంత, నెట్‌ఫ్లిక్స్ (2906) నుంచి ఎంత వస్తోందో నెల రోజులు రాసిపెట్టు. ఇక్కడే చాలామంది పొరబడతారు. గూగుల్, నెట్‌ఫ్లిక్స్ క్యాష్ సర్వర్లు (వీడియోల కాపీలు దాచేవి) నీ అప్‌స్ట్రీమ్ (నీకు ఇంటర్నెట్ ఇచ్చే పై కంపెనీ) దగ్గర ఉంటే వాటికి అప్‌స్ట్రీమ్ ఐపీలే ఉంటాయి. ఆ వీడియో అంతా అప్‌స్ట్రీమ్ ఖాతాలోనే పడుతుంది, నీ లెక్క తక్కువగా కనిపిస్తుంది. క్యాష్ ఐపీలు అడిగి తీసుకుని వాటినీ కలుపుకో.

ఈలోగా ఎక్స్ఛేంజ్‌లో రూట్ సర్వర్‌తో (ఒకరి రూట్లు మిగతావాళ్లకు చేర్చే సర్వర్) సెషన్ పెట్టుకో. దాని మీద ఉన్నవాళ్లంతా ఒక్కసారే కలుస్తారు. లేనివాళ్లతో విడిగా కట్టుకోవాలి.

ఆర్ఓఏలు (ఏ ఐపీ బ్లాకును ఏ నెట్‌వర్క్ ప్రకటించొచ్చో చెప్పే రికార్డులు) జాగ్రత్త. /22 బ్లాకుకి తీసి, మ్యాక్స్ లెంగ్త్ (ఎంత చిన్న ముక్కదాకా ప్రకటించొచ్చనే హద్దు) పెంచకుండా అందులోని /24 ముక్కలు ప్రకటిస్తే అవి ఇన్‌వాలిడ్. ఇన్‌వాలిడ్ రూట్లను క్లౌడ్‌ఫ్లేర్ లాంటివాళ్లు తీసుకోరు.

ఎక్స్‌పోర్ట్ ఫిల్టర్ (ఏ రూట్లు బయటికి చెప్పాలో నిర్ణయించేది) లేకుండా మాత్రం సెషన్ పైకి తేవద్దు. ఒకసారి అర్ధరాత్రి రౌటర్ మార్చే హడావిడిలో నేను ఫిల్టర్ మర్చిపోయాను. అప్‌స్ట్రీమ్ ఇచ్చిన ఫుల్ టేబుల్, అంటే ఇంటర్నెట్ మొత్తానికీ ఉన్న లక్షల రూట్లు, ఎక్స్ఛేంజ్ వైపు వెళ్లిపోయాయి. అవతలివాళ్ల మ్యాక్స్ ప్రిఫిక్స్ పరిమితి (ఒకరి నుంచి ఇన్ని రూట్లే తీసుకుంటామనే హద్దు) దాటగానే సెషన్లు టపటపా పడిపోయాయి. ఆ పరిమితి ఉండబట్టే వాళ్ల నెట్‌వర్క్‌లు బతికాయి. తెల్లారేదాకా ఒక్కొక్కరికీ తప్పు ఒప్పుకుంటూ రాసి, సెషన్ క్లియర్ చేయమని అడుక్కున్నాను. వాళ్లు ఆ పరిమితి పెట్టేది నీ పేజీలోని అంకె చూసే, అందుకే అక్కడ ప్రిఫిక్స్ (నువ్వు ప్రకటించే ఐపీ బ్లాకుల) సంఖ్య ఉన్నదానికంటే కొంచెం ఎక్కువ వెయ్, మరీ ఎక్కువ వద్దు.

పేజీ నింపాక వాట్సాప్ చెయ్, చూస్తాను. రెండో మెయిల్ ఆ తర్వాతే పంపుదువు గానీ.

మీ మామయ్య