నెల్లూరు, ఒంగోలు వైపు పాత వంటల్లో ఇప్పుడు మళ్లీ ఇంట్లో వండుకోదగ్గవి ఏవి?

నన్నడిగితే ముందు ఉలవచారు. ప్రకాశం జిల్లా పల్లెల్లో ఎడ్లకు ఉలవలు ఉడకబెట్టి పెట్టేవాళ్లు. ఆ నీళ్లతోనే ఇంట్లో చారు కాచేవాళ్లు. గ్లాసు ఉలవలు రాత్రంతా నానబెట్టి, ఆరేడు గ్లాసుల నీళ్లతో కుక్కర్లో మెత్తగా ఉడికించండి. నీళ్లు వంపుకుని, గుప్పెడు ఉలవలు రుబ్బి కలిపి, చింతపండు రసం, ఉప్పు, కారం వేసి సన్నని సెగ మీద చిక్కబడేదాకా మరిగించాలి. ఇక్కడ తొందరపడితే రుచి రాదు. చివర్లో వెల్లుల్లి, ఎండుమిర్చి తాలింపు. వేడన్నంలో వెన్నపూసతో తినండి, ఇంకేమీ అడగరు. మిగిలిన ఉలవలు గుగ్గిళ్లకు పనికొస్తాయి.

తర్వాత నెల్లూరు చేపల పులుసు. అందరూ వండుతున్నారు గానీ మట్టిదాకలో వండటం తగ్గిపోయింది, అదే నా బాధ. మామిడికాయ ముక్కలు పులుసు బాగా మరిగాకే వేయాలి, లేకపోతే కరిగిపోతాయి. చేప వేశాక గరిటె పెట్టొద్దు, దాకనే పట్టుకుని కదపండి. వేయించిన మెంతులు, జీలకర్ర పొడి చల్లి దించి, మర్నాటిదాకా ఆగితే పులుపు ముక్కకు పడుతుంది.

సజ్జరొట్టె కూడా మొదలుపెట్టండి. పిండి త్వరగా చేదెక్కుతుంది, కొద్దికొద్దిగానే ఆడించుకోండి.