లారియన్ గని గురించి రాస్తున్న యువ మిత్రుడికి

ప్రియ మిత్రమా,

గ్రీసులోని లారియన్ సీసం, వెండి గనుల మీద నువ్వు పంపిన వ్యాసం తీరిగ్గా చదివాను. శ్రమపడి రాశావు. నాకు నచ్చనిది ఒక్కటే. భూగర్భశాస్త్రమంతా మొదటి పేజీల్లోనే చెప్పేసి, "ఇక చరిత్రకు వద్దాం" అని మధ్యలో ఒక గీత గీశావు. ఆ తర్వాత ఎక్కడా రాయి ఊసే లేదు. యుద్ధాలు, నాయకులు ఏ ఊరికైనా సరిపోయేలా నడిచిపోయారు. ఈ గని విషయంలో ఆ గీత చెరిపెయ్యాలి.

ఆ కొండల అమరిక చూడు. ఏథెన్స్‌కు ఆగ్నేయంగా, సముద్రపుటంచున పాలరాయి, షిస్టు (రేకులుగా చీలే రాయి) పొరలు ఒకదాని మీద ఒకటి పరుచుకుని ఉన్నాయి. మయోసీన్ యుగంలో (సుమారు 2.3 కోట్ల నుంచి 53 లక్షల ఏళ్ల కిందటి కాలం) అక్కడి ప్లాకా దగ్గర గ్రానైటు జాతి శిలాద్రవం కింది నుంచి చొచ్చుకొచ్చింది. సీసం, వెండి, జింకు కలిసిన వేడి ద్రవాలు పగుళ్ల వెంట పైకి పాకాయి. షిస్టు వాటిని సులువుగా పోనివ్వదు. దాని అడుగున నిలిచిపోయి, కింది పాలరాయిని కొద్దికొద్దిగా తినేస్తూ ఆ చోట గెలీనా అనే సీసపు ఖనిజాన్ని నింపాయి. ఖనిజం ఎక్కువగా ఈ రెండు శిలలు కలిసే హద్దుల్లో దొరకడానికి కారణం ఇదే. పై హద్దు కొండవాలులో బయటికి కనిపిస్తుంది కాబట్టి జనానికి ముందు చిక్కింది అదే. అన్నిటికన్నా సంపన్నమైన 'మూడో హద్దు' మాత్రం షిస్టు కింద దాగి ఉంది. దాన్ని అందుకోవాలంటే చాలాచోట్ల నిలువు బావులు తవ్వక తప్పదు. వాటిలో కొన్ని 100 మీటర్ల లోతు దాటాయి.

ఇంతవరకు చెప్పాక క్రీ.పూ. 483 దానంతట అదే వస్తుంది. లారియన్‌లోని మరోనియా దగ్గర దొరికిన కొత్త ఖనిజంతో ఏథెన్స్ ఖజానా నిండింది. అది ఈ లోతు ఖనిజమేనని చాలామంది పరిశోధకుల అభిప్రాయం. పౌరులకు తలా పది డ్రాక్మాలు (వెండి నాణేలు) పంచాలన్న ఆలోచనను మాన్పించి, ఏథెన్స్ నాయకుడు థెమిస్టోక్లీస్ ఆ డబ్బుతో యుద్ధనౌకలు కట్టించాడు. క్రీ.పూ. 480లో సలామిస్ దీవి దగ్గర పారశీకుల నౌకాబలం ఓడింది. నౌకలు 200 అని నిశ్చయంగా రాశావు. అది గ్రీకు చరిత్రకారుడు హెరడోటస్ లెక్క. అరిస్టాటిల్ పేరిట ఉన్న ఏథెన్స్ రాజ్యాంగ గ్రంథం 100 అంటుంది. రెండు లెక్కలూ ఇవ్వు, నీ మాట మీద నమ్మకం పెరుగుతుంది.

"వెండి తవ్వారు" అని చాలాచోట్ల రాశావు. తవ్వింది సీసపు ఖనిజం. దాన్ని దంచి, పొడి చేసి, వాలుగా కట్టిన గచ్చు మీద నీళ్లతో కడిగేవారు. వానలు తక్కువైన ప్రాంతం కాబట్టి ఆ నీటినే తేర్చి మళ్లీ వాడేవారు. కొలిమిలో వచ్చే సీసంలో టన్నుకు వెండి కొద్ది కిలోలే. ఆ సీసాన్ని 900 డిగ్రీలు దాటిన వేడిలో గాలి ఊదుతూ పుటం పెడితే, సీసం ఆక్సైడుగా మారి విడిపోతుంది, వెండి ముద్ద మిగులుతుంది. ఒక్క నాణెం వెనక ఎంత రాయి, ఎంత నీరు, ఎంత కట్టె ఉందో పాఠకుడికి తెలియాలంటే ఈ పనికి ఒక పూర్తి పేజీ కావాలి.

ఇక మనుషులు. బానిసల మనసులో ఏముందో ఊహించి రాసిన పేరా తీసెయ్యి. నీ జాలి నిజమే కానీ, ఆధారాలు అంతకంటే బలంగా ఉన్నాయి. సొరంగాలు చాలాచోట్ల మీటరు ఎత్తు కూడా లేవు. ఖనిజం లేని రాయిని తొలవడం దండగ కాబట్టి మనిషి పాకేంత చోటు చాలనుకున్నారు. ఉలి దెబ్బలు ఇప్పటికీ గోడల మీద కనిపిస్తాయి. నికియాస్ అనే ధనవంతుడు 1,000 మందిని సోసియాస్ అనే థ్రేస్ ప్రాంతీయుడికి అద్దెకిచ్చాడని గ్రీకు రచయిత జెనొఫోన్ రాశాడు. మనిషికి రోజుకు ఒక ఓబోల్ అద్దె, సంఖ్య ఎప్పుడూ తగ్గకూడదన్నది షరతు. ఆ షరతు దగ్గర ఆగు. ఒకడు చనిపోతే ఆ స్థానంలో మరొకడు రావాలి, అంతే. ఆరు ఓబోల్‌లు ఒక డ్రాక్మా, డ్రాక్మా అంటే సుమారు 4.3 గ్రాముల వెండి. ఒక మనిషిని ఒక రోజంతా చీకట్లోకి దింపడానికి ముప్పావు గ్రాము వెండి కూడా ఖర్చు కాలేదు. ఈ లెక్క పక్కన విశేషణం ఏదీ పెట్టకు.

క్రీ.పూ. 413లో ఏథెన్స్ దగ్గరి డెసెలియాలో శత్రువైన స్పార్టా సైన్యం పాగా వేశాక పారిపోయిన 20,000 మందికి పైగా బానిసలందరినీ గనివాళ్లుగా చూపావు. ఆ కాలపు చరిత్రకారుడు థుసిడిడీస్ అలా అనలేదు, వాళ్లలో ఎక్కువమంది చేతిపనివాళ్లని మాత్రమే చెప్పాడు.

తర్వాతి కథ క్లుప్తంగా చాలు. ప్రాచీన భూగోళ రచయిత స్ట్రాబో కాలానికే పాత చిట్టెం (ఖనిజం కరిగించాక మిగిలే వ్యర్థం) మళ్లీ కరిగించి వెండి తీస్తున్నారు. 1864లో సెర్పియెరి అనే ఇటాలియన్ వచ్చింది కూడా ఆ చిట్టెం కోసమే. ఆ తర్వాత ఫ్రెంచి కంపెనీ ప్రాచీనులు వదిలేసిన జింకు ఖనిజాన్ని సైతం తవ్వింది. 1970లలో తవ్వకాలు ఆగిపోయాయి.

నువ్వు అసలు ప్రస్తావించని సంగతి ఒకటుంది, నాకు చాలా ఇష్టమైనది. సముద్రంలో పడిన ప్రాచీన చిట్టెం మీద ఉప్పునీరు శతాబ్దాల తరబడి పనిచేసి, దాని గుల్లల్లో కొత్త స్ఫటికాలను పెంచింది. వాటిలో ఒకదానికి 1887లో లారియొనైట్ అని పేరు పెట్టారు. అందులోని సీసం మనుషుల కొలిమి నుంచి వచ్చింది, క్లోరిన్ సముద్రం నుంచి వచ్చింది. దీన్ని నీ రెండు భాగాల్లో ఎందులో పెడతావు? గీత చెరిపెయ్యమన్నది ఇందుకే.

"గని మూతపడింది" అన్న వాక్యంతో వ్యాసం ముగించావు. ఆ గనుల చోటే ఉన్న లావ్రియో ఊళ్లో జనం ఇప్పటికీ ఉంటున్నారు. అక్కడి మట్టిలో సీసం, ఆర్సెనిక్ నిండి ఉన్నాయి, పిల్లల రక్తంలో సీసం ఎక్కువగా ఉందని వైద్య పరిశోధనలు తేల్చాయి. ఆ పిల్లల ప్రస్తావన లేకుండా వ్యాసాన్ని పత్రికకు పంపకు. శిలల పొరలు చూపే నిలువుకోత బొమ్మ ఒకటి గీయించి, తిరగరాసిన ప్రతితో పాటు నాకు పంపు.

ఆశీస్సులతో,
నీ శ్రేయోభిలాషి