పిల్లల బొమ్మల మీద రాస్తున్న తమ్ముడికి

తమ్ముడూ,

నువ్వు పంపిన వ్యాసం రెండుసార్లు చదివా. ఇంగ్లీషు పెయింటర్లు వేసిన పిల్లల పోర్ట్రెయిట్ల గురించి తెలుగులో రాయాలని నీకు అనిపించడమే నాకు చాలా సంతోషంగా ఉంది, మనవాళ్ళు అటువైపు పెద్దగా వెళ్ళరు. ఒక్క విషయం మాత్రం సూటిగా చెప్తా, ఏమీ అనుకోకు. ప్రతి బొమ్మ దగ్గరా "ఎంత అమాయకత్వం", "పసితనం ఉట్టిపడుతోంది" అని రాసేసి ముందుకెళ్ళిపోయావు. అలా రాస్తే అందరు పిల్లలూ ఒకే పిల్లాడైపోతారు. రెనాల్డ్స్ వేసిన 'ది ఏజ్ ఆఫ్ ఇన్నోసెన్స్'తో మొదలుపెట్టావు కదా, ఆ పేరు ఆయన పెట్టింది కాదు, 1792లో ఆయన పోయాక రెండేళ్ళకి ఆ బొమ్మని ప్రింటుగా అచ్చేసినప్పుడు తగిలించారు. ఆయన వేసింది చెట్ల మధ్య చేతులు గుండెల మీద పెట్టుకుని కూర్చున్న ఓ చిన్నపిల్లని, అంతే.

మరి ఏం చూడాలంటావా, ఈ బొమ్మ ఎవరి కోసం వేయించారు అని ముందు అడుగు. పిల్లలు తమ బొమ్మలు తాము వేయించుకోరు, డబ్బిచ్చేది ఎవరో, గోడకి తగిలించుకునేది ఎవరో, చూసుకుని మురిసిపోయేదో ఏడ్చేదో ఎవరో, అది తెలిశాక మళ్ళీ పిల్లాడి మొహం చూడు, వేరేగా కనిపిస్తుంది.

హోగార్త్ 1742లో వేసిన గ్రాహం పిల్లల్ని తీసుకో. రాజుగారికి మందులిచ్చే డేనియల్ గ్రాహం పిల్లలు నలుగురు. రిచర్డ్ ఒళ్ళో చిన్న పెట్టె పెట్టుకుని హ్యాండిల్ తిప్పుతున్నాడు, పిట్టలకి పాట నేర్పే బుల్లి ఆర్గన్ అది, పంజరంలో గోల్డ్‌ఫించ్ పిట్ట రెక్కలు కొట్టుకుంటోంది, నా పాటకే అలా చేస్తోందని వాడి సంబరం. కానీ వాడి కుర్చీ వెనకాల పిల్లి ఎక్కి కూర్చుని కళ్ళింత చేసుకుని పిట్టనే చూస్తోంది, పిల్లలెవరూ దాన్ని చూడలేదు, చూసింది మనమే. ఇటు చివర గౌను వేసుకున్న చంటిపాప అక్క చేతిలో చెర్రీలకి చెయ్యి చాస్తోంది, పాప కాదు, మగపిల్లాడు, థామస్. అప్పట్లో మగపిల్లలకి కూడా కొన్నేళ్ళు వచ్చేదాకా గౌన్లే, ఆ తర్వాతే ప్యాంటు, మనకి పంచెల ఫంక్షన్ చేసినట్టు అదో ముచ్చట వాళ్ళకి. థామస్‌కి ఆ రోజు రాలేదు, బొమ్మ పూర్తయ్యేలోపే పోయాడు. ఇప్పుడు వాడి పైన ఉన్న గడియారం చూడు, దాని మీద కొడవలి పట్టుకున్న బుల్లి బొమ్మ ఉంటుంది, కాలం ఎవరినైనా కోసేస్తుందని గుర్తు. నలుగురు పిల్లలూ మళ్ళీ ఒకచోట కనిపించేది ఆ తండ్రికి ఆ గోడ మీదే. ఇవన్నీ రాస్తే అమాయకత్వం అన్న మాట వాడక్కర్లేదు, చదివేవాళ్ళకే గొంతు పట్టేస్తుంది.

గెయిన్స్‌బరో అయితే సొంత కూతుళ్ళనే వేసుకున్నాడు, 1756 ప్రాంతంలో, ముళ్ళ మొక్క మీద వాలిన సీతాకోకచిలుక కోసం చిన్నది మార్గరెట్ చెయ్యి చాచేసింది, పెద్దది మేరీ చెల్లెలి చెయ్యి పట్టుకుని కొంచెం ఆగింది. పూర్తి చెయ్యకుండా వదిలేశాడు. ఎవరూ ఆర్డరివ్వని బొమ్మ కాబట్టే అంత స్వేచ్ఛ ఉందని నాకనిపిస్తుంది. ఆయనదే, అందరికీ తెలిసిన 'బ్లూ బాయ్' కంటే నాకు ఇదే ఎక్కువ ఇష్టం.

లారెన్స్ వేసిన 'పింకీ' గురించి నువ్వు రిబ్బన్ల అందం ఒక్కటే రాశావు. ఆ పిల్ల సారా మౌల్టన్, పుట్టింది జమైకాలో, చదువుకని ఇంగ్లండు పంపారు, జమైకాలో ఉన్న అమ్మమ్మ మనవరాల్ని చూడలేక బెంగపెట్టుకుని బొమ్మ వేయించి పంపమని అడిగింది. 1794లో వేశారు, మరుసటేడాది పన్నెండేళ్ళకే ఆ పిల్ల చనిపోయింది. ఆ ఇంటి డబ్బు బానిసల చేత చేయించిన చెరకు తోటలది, ఆ తోటల్లోని పిల్లలకి పోర్ట్రెయిట్ వేయించినవాళ్ళు లేరు, ఇది కూడా రాయి, దాచొద్దు.

ఇక నీ వ్యాసంలో అసలు లేనిది, నువ్వు హైదరాబాద్‌వాడివై ఉండీ వదిలేసింది, జార్జ్ చిన్నరీ వేసిన కిర్క్‌పాట్రిక్ పిల్లల బొమ్మ. ఒకప్పుడు కోఠి విమెన్స్ కాలేజీ నడిచిన రెసిడెన్సీ బిల్డింగ్ కట్టించింది నిజాం దగ్గర బ్రిటిష్ ప్రతినిధిగా ఉన్న జేమ్స్ కిర్క్‌పాట్రిక్, ఆయన భార్య ఖైరున్నీసా, వాళ్ళ పిల్లలు సాహెబ్ ఆలం, సాహెబ్ బేగం. 1805లో మద్రాసులో ఇంగ్లండు ఓడ ఎక్కించే ముందు వేయించారు, హైదరాబాదీ బట్టల్లోనే నిలబడి ఉంటారు ఇద్దరూ, నాలుగేళ్ళు ఒకరికి, మూడేళ్ళు ఇంకొకరికి. అక్కడికెళ్ళాక విలియం, కేథరిన్ అని పేర్లు మార్చేశారు. తండ్రి అదే ఏడు కలకత్తాలో పోయాడు. ఇండియాలోనే ఉండిపోయిన తల్లి మళ్ళీ పిల్లల్ని చూడకుండానే 1813లో పోయింది. చాలా ఏళ్ళకి ఆ కూతురు ఇంగ్లండులో ఎవరింట్లోనో ఈ బొమ్మ చూసి ఏడ్చేసిందట.

కాబట్టి ఆ మొదటి రెండు పేజీలు తీసెయ్, ఈ బొమ్మతోనే మొదలుపెట్టు. ముందు బొమ్మని బాగా జూమ్ చేసి పిల్లల చేతులు, బట్టలు, కాళ్ళ దగ్గర ఏముందో చూసి ఒక పేజీ రాయి, విశేషణాలు లేకుండా. ఎవరి కోసం అన్నది ఆ తర్వాత పేజీలో చెప్పొచ్చు. వచ్చే నెలలోపు పంపితే నేను చదివి ఫోన్ చేస్తా.